స్వచ్ఛంద విరాళం, మొహమాటం: బ్రిటన్ పాఠశాలల సాహసయాత్రల చరిత్రలో తల్లిదండ్రుల స్థానం

ఇంగ్లండులో 11 ఏళ్ల పిల్లలు ప్రాథమిక పాఠశాల విడిచి మాధ్యమిక పాఠశాలలో చేరిన తొలి నెలల్లోనే, వారిని రెండు మూడు రాత్రులు ఊరికి దూరంగా ఉన్న సాహసక్రీడల కేంద్రానికి తీసుకువెళ్లే ఆచారం అనేక పాఠశాలల్లో స్థిరపడింది. పీపాలను తాళ్లతో బిగించి తెప్పలు కట్టడం, ఎత్తయిన స్తంభాల మీద ఒకరికొకరు ఆసరాగా నడవడం, చీకటిపడ్డాక అడవిబాటలో గుంపుగా తోవ వెతుక్కోవడం అక్కడి కార్యక్రమాలు. ఒకరినొకరు ఎరుగని పిల్లలు ఈ విధంగా జట్టుగా మారుతారని పాఠశాలల విశ్వాసం. దీనికి ‘టీమ్ బిల్డింగ్’ యాత్ర అని పేరు. ఖర్చు వందల పౌండ్ల దాకా పోతుంది. ఆ సంగతి తెలిపే ఉత్తరం ఇంటికి చేరినప్పుడు తల్లిదండ్రుల మనస్సు రెండుగా చీలడం సర్వసాధారణం. పిల్లవాడికి స్నేహితులు ఏర్పడతారన్న సంతోషం ఒకవైపు, అంత సొమ్ము పోయకుండా స్నేహం కుదరదా అన్న సందేహం మరొకవైపు. వీటి నడుమ రాత్రివేళ బిడ్డ పరాయిచోట ఉంటుందన్న దిగులు ఉండనే ఉంటుంది.

ఈ ద్వైధీభావాన్ని పిసినారితనంగానో మితిమీరిన మమకారంగానో వివరించడం పరిపాటి. ఆ వివరణ చరిత్ర ముందు నిలవదు. సాహసయాత్ర అనే విద్యావిధానం పుట్టినప్పుడు దాని ఖర్చు తల్లిదండ్రులది కాదు. అర్ధశతాబ్ది కాలంలో ఆ భారం యజమాని నుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వం నుంచి ఇంటికి బదిలీ అయింది. భారం చేతులు మారిన ప్రతిసారీ తల్లిదండ్రుల భయం కూడా తన స్వభావాన్ని మార్చుకుంది. ఆ క్రమాన్ని నిరూపించడం, అందులో 1988 నాటి ఒక చట్టం పోషించిన పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిభాష గురించి ఒక మాట అవసరం. ‘టీమ్ బిల్డింగ్’కు తెలుగులో స్థిరపడిన పారిభాషిక పదం లేదు. ‘జట్టు కట్టడం’ అనే పలుకుబడి మాత్రం ఎప్పటినుంచో ఉంది. కోస్తా జిల్లాల పిల్లల ఆటభాషలో ‘జట్టు’ అంటే స్నేహం, ‘పచ్చి’ అంటే ఆ స్నేహం తెగిపోవడం. తెలంగాణ పిల్లలు ఈ రెండోదాన్ని ‘కటీఫ్’ అంటారు. జట్టు కట్టడమైనా తెంచుకోవడమైనా పిల్లల చేతిలో పని, పెద్దలకు అందులో ప్రమేయం లేదు. పెద్దలు ఏర్పాటు చేసే జట్టు భావన వేరే వంశానికి చెందినది. దాని మూలాలు యుద్ధకాలపు ఓడరేవులో ఉన్నాయి.

యజమాని సొమ్ముతో

కర్ట్ హాన్ 1886లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో జన్మించిన విద్యావేత్త. బాడెన్ రాకుమారుడు మాక్స్ అండతో 1920లో సాలెం కోటలో పాఠశాల నెలకొల్పాడు. హిట్లర్‌ను బహిరంగంగా వ్యతిరేకించి 1933లో చెరసాల పాలయ్యాడు. బ్రిటన్ ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ జోక్యంతో విడుదలై ఆ దేశం చేరి, 1934లో స్కాట్లండులో గార్డన్‌స్టన్ పాఠశాల స్థాపించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ భవనాలు సైన్యం వశం కావడంతో పాఠశాల వేల్స్‌కు తరలింది. అక్కడే, 1941లో, సముద్రతీరాన ఉన్న అబర్‌డోవీలో లివర్‌పూల్ నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్ సహకారంతో ఒక శిక్షణాలయం వెలసింది. రేవు విడిచి బయలుదేరిన ఓడను నావికులు పిలిచే మాటతో దానికి ‘ఔట్‌వర్డ్ బౌండ్’ అని పేరు పెట్టారు.

టార్పెడోల దెబ్బకు ఓడ మునిగినప్పుడు లైఫ్‌బోట్లలో వయసు మళ్లిన నావికులు ప్రాణాలు దక్కించుకోగా పడుచువాళ్లు ముందుగా కన్నుమూస్తున్నారని, కొరవడినది కండబలం కాదు గుండెనిబ్బరమని హోల్ట్ భావించాడనేది ఈ సంస్థ పుట్టుకకు చెప్పుకునే కథ. ఆ కథకు తగినంత గణాంకాధారం ఉన్నదా అన్న అనుమానం తరువాతి పరిశోధకులకు కలిగింది. ఉన్నా లేకపోయినా, కథ చేసిన పని కాదనలేనిది. కష్టాన్ని నలుగురితో కలిసి అనుభవిస్తే మనిషి గట్టిపడతాడన్న నమ్మకానికి అది ఒక పురాణాన్ని సమకూర్చింది. నేటి తెప్పలాటలోనూ ఆ పురాణమే అంతర్లీనంగా ప్రవహిస్తున్నది.

ఆర్థిక పక్షాన్ని చూస్తే, ఇక్కడికి వచ్చిన కుర్రవాళ్లలో ఎక్కువమంది తమ ఇంటి సొమ్ముతో రాలేదు. హోల్ట్ తన కంపెనీ నావిక శిక్షణార్థులను పంపాడు. 1946లో ఔట్‌వర్డ్ బౌండ్ ట్రస్టు ఏర్పడిన తరువాత కర్మాగారాలు తమ అప్రెంటిస్ కుర్రాళ్లను పంపసాగాయి. 1950లో ఎస్క్‌డేల్‌లో పర్వత శిక్షణాలయం వచ్చాక ఈ ధోరణి మరింత బలపడింది. ఈ దశలో తల్లి గానీ తండ్రి గానీ లెక్కలోకి రారు. పనివాడిని పంపేది యజమాని, ఫలితం పొందేదీ యజమానే. బిడ్డ క్షేమం గురించిన దిగులు ఇంట్లో ఉండి ఉంటుంది గాని, సొమ్ము తనది కాని చోట ఆ దిగులుకు అభిప్రాయమనే హోదా దక్కలేదు. చరిత్రకారుడు మార్క్ ఫ్రీమన్ చూపినట్లు ఆ కాలపు ‘శీల నిర్మాణం’ అన్న మాట 1960ల నాటికి ‘వ్యక్తిత్వ వికాసం’గా రూపాంతరం చెందింది. శీలం సంఘానికి పనికివచ్చేది, వికాసం ఎవరికి వారు పొందేది. పొందేవాడే చెల్లించాలన్న వాదానికి ఈ మాటల మార్పులోనే బీజం పడిందని భావించవచ్చు.

ప్రభుత్వ ధనంతో

1944 విద్యాచట్టం రెండు పనులు చేసింది. 61వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలల్లో ఫీజులను నిషేధించింది. 53వ సెక్షన్ వినోద, వ్యాయామ సౌకర్యాలను, శిబిరాలను కల్పించే అధికారాన్ని స్థానిక విద్యాధికార సంస్థలకు ఇచ్చింది. ఈ అధికారం ఆధారంగా 1950లో డెర్బీషైర్ కౌంటీ వైట్ హాల్ అనే కేంద్రాన్ని తెరిచింది. స్థానిక ప్రభుత్వం నడిపిన ఇటువంటి కేంద్రాలకు ఇది ఆద్యం. దాని వెనుక ఉన్న విద్యాసంచాలకుడు జాక్ లాంగ్లండ్ 1933 ఎవరెస్టు యాత్రలో పాల్గొన్న పర్వతారోహకుడు. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో గనికార్మికుల పిల్లలు, మిల్లు కార్మికుల పిల్లలు కొండలెక్కారు. ఖర్చులో పెద్దపాలు ప్రజాధనానిదే.

ఈ దశలో తల్లిదండ్రుల భయం ప్రాణానికి సంబంధించినది. 1971 నవంబరులో స్కాట్లండులోని కెయిర్న్‌గార్మ్ పీఠభూమి మీద మంచుతుపానులో చిక్కుకొని ఎడిన్‌బరో పాఠశాలకు చెందిన ఐదుగురు పిల్లలు, 18 ఏళ్ల శిక్షకురాలు మరణించారు. నాయకత్వం వహించేవారి అర్హతల గురించి, కొండల మీది ఆశ్రయగృహాల గురించి తీవ్రమైన చర్చ జరిగింది. ఆ చర్చ యావత్తూ పాఠశాల బాధ్యత చుట్టూ తిరిగింది. సొమ్ము ప్రసక్తి అందులో రాలేదు.

ఇంటి సొమ్ముతో

మలుపు ఒక సంగీత పాఠం దగ్గర వచ్చింది. బడిలో వాద్యసంగీతం నేర్పినందుకు స్థానిక అధికార సంస్థ రుసుము వసూలు చేయడం చెల్లదని 1981లో హెరిఫర్డ్ అండ్ వుస్టర్ వ్యాజ్యంలో న్యాయస్థానం తీర్పు చెప్పింది. బడిలో నేర్పేది విద్య అయితే అది ఉచితంగా ఉండవలసిందే. తర్కం సరళమైనదే గాని దాని పర్యవసానం పాఠశాలలను కలవరపెట్టింది. అప్పటికే యాత్రలకు, ఈతకు, నాటకానికి తల్లిదండ్రుల నుంచి ఎంతో కొంత వసూలు చేయడం అలవాటైంది. అదంతా చట్టవిరుద్ధమా? మరోవైపు స్థానిక సంస్థల బడ్జెట్లు కుంచించుకుపోతున్నాయి. మార్గరెట్ థాచర్ ప్రభుత్వంలో కెన్నెత్ బేకర్ విద్యామంత్రిగా తెచ్చిన 1988 విద్యాసంస్కరణ చట్టం ఈ సందిగ్ధానికి ఇచ్చిన సమాధానం విచిత్రమైనది. ఆ నియమాలే 1996 విద్యాచట్టంలోకి యథాతథంగా అనదగినట్లు చేరి నేటికీ కొనసాగుతున్నాయి.

బడివేళల్లో జరిగే విద్యకు రుసుము వసూలు చేయరాదు. రాత్రి బస ఉన్న యాత్ర అయితే భోజన వసతుల ఖర్చు మాత్రం వసూలు చేయవచ్చు. నిర్దిష్టమైన ప్రభుత్వ సహాయం పొందే కుటుంబాలకు అదీ మినహాయించాలి. యాత్రలో గడిపిన పూటలలో సగం గానీ అంతకు మించి గానీ బడిపూటలు పోయినట్లయితే అది బడివేళల్లో జరిగిన యాత్ర కింద లెక్క. లేకుంటే అది ఐచ్ఛికం, మొత్తం ఖర్చు రాబట్టుకోవచ్చు. అంటే యాత్ర సోమవారం బయలుదేరుతుందా శుక్రవారం బయలుదేరుతుందా అన్నదాన్ని బట్టి తల్లిదండ్రుల హక్కు మారుతుంది. ఇక మిగిలిన ఖర్చుకు పాఠశాల ‘స్వచ్ఛంద విరాళం’ కోరవచ్చు. అయితే ఇవ్వవలసిన నిర్బంధం లేదని, ఇవ్వనివారి పిల్లలను వేరుగా చూడబోమని ఆ అభ్యర్థనలోనే స్పష్టం చేయాలి. తగినంత విరాళం రాకపోతే యాత్రను రద్దు చేసుకునే స్వేచ్ఛ పాఠశాలకు ఉంది.

ఈ చివరి రెండు నియమాలను ఒకదాని పక్కన ఒకటి ఉంచి చదివినప్పుడు వాటి ప్రభావం బోధపడుతుంది. ఇంటికి వచ్చే ఉత్తరంలో ‘ఇష్టమైతేనే ఇవ్వండి’ అన్న వాక్యం ఒకటి, ‘చాలినంత రాకపోతే యాత్ర జరగదు’ అన్న వాక్యం ఒకటి. మొదటిది స్వేచ్ఛనిస్తుంది, రెండవది ఆ స్వేచ్ఛను వాడుకున్నవారిని నలుగురి పిల్లల సంతోషానికి అడ్డుపడినవారిగా నిలబెడుతుంది. పాతకాలంలో ఫీజు కట్టలేని తండ్రికి ఎదురయ్యేది నిరాకరణ. నిరాకరించినవాడిని నిందించవచ్చు. 1988 తరువాత అతణ్ణి ఎవరూ నిరాకరించరు. యాత్ర రద్దయితే అందులో తన పాలు ఎంత అని అతడే లెక్క వేసుకోవాలి.

ఈ స్థితికి సరిపోయే మాట ఇంగ్లీషులో వెతకడం కష్టం. తెలుగులో ‘మొహమాటం’ ఉంది. కాదనగలిగే హక్కు ఉండి కూడా ఎదుటివారి ముఖం చూసి కాదనలేకపోవడం మొహమాటం. అది సిగ్గూ కాదు, భయమూ కాదు, బలవంతం అంతకన్నా కాదు. పెళ్లి చదివింపులలో, ఊరుమ్మడి చందాలలో, కార్తిక వనభోజనాల ఖర్చు పంచుకోవడంలో తెలుగువారికి ఇది నిత్యానుభవం. అయితే ఊరి చందాలో మొహమాటానికి ఒక విరుగుడు ఉండేది. ఎవరి తాహతు ఎంతో ఊరికి తెలుసు, దస్తీ రాసేవాడు మనిషిని చూసి అంకె వేసేవాడు. పాఠశాల ఉత్తరానికి ముఖం లేదు, అందరికీ ఒకే అంకె. బ్రిటన్ చట్టం బలవంతాన్ని తొలగించగలిగింది గాని మొహమాటాన్ని తొలగించలేకపోయింది. ఇంకా చెప్పాలంటే బలవంతం ఖాళీ చేసిన చోట మొహమాటాన్ని ప్రతిష్ఠించింది.

ఇందులో ఎక్కువగా నలిగినది నిరుపేద కుటుంబం కాదన్నది గమనించవలసిన అంశం. సహాయం పొందే కుటుంబానికి భోజన వసతుల మినహాయింపు హక్కుగా ఉంది, అడగడంలో చిన్నతనం ఉన్నా అడిగే దారి ఉంది. సంపన్న కుటుంబానికి అంకె ఒక లెక్క కాదు. సహాయపు హద్దుకు ఒక మెట్టు పైన ఉన్నవారికి, ముఖ్యంగా ఇద్దరు ముగ్గురు బడిపిల్లలున్న ఇంటికి, మినహాయింపూ లేదు, మిగులూ లేదు. టీమ్ బిల్డింగ్ పట్ల తల్లిదండ్రుల ‘మిశ్రమ భావాలు’ అని చెప్పుకునే దానిలో అధికభాగం ఈ నడిమి మెట్టు మీద నిలిచినవారిదే. యాత్ర వద్దని వారు అనరు, అనలేరు. కొత్త బడిలో తొలి నెలలోనే అందరూ వెళ్లిన చోటికి తమ బిడ్డ వెళ్లకపోతే, జట్టు కట్టించడానికి వేసిన ప్రణాళికే తమ బిడ్డను జట్టు వెలుపల నిలబెడుతుంది. ఔట్‌వర్డ్ బౌండ్ నాటి తల్లి బిడ్డ వెళ్తున్నందుకు భయపడింది. 1988 తరువాతి తల్లి బిడ్డ వెళ్లకుండా ఉండిపోతుందేమోనని భయపడుతున్నది.

సేవను కొనేచోట అమ్మేవారుంటారు. పీటర్ గార్డన్ లారెన్స్ 1957లో వై నదిపై పడవయాత్రలతో మొదలుపెట్టిన వ్యాపారం ఆయన పేరులోని తొలి అక్షరాలతో పీజీఎల్‌గా పెరిగి, తరతరాల బడిపిల్లలకు పరిచితమైంది. ఆ మూడక్షరాలకు ‘తల్లిదండ్రులు తప్పుకోండి’ అన్న అర్థాన్ని పిల్లలు సరదాగా కల్పించుకున్నారు. సరదా మాటే అయినా తల్లిదండ్రుల స్థానాన్ని అది చక్కగా పట్టుకుంది. డబ్బు కట్టేవరకు వారు కావాలి, కట్టాక అక్కర్లేదు. అప్పటికి ‘టీమ్ బిల్డింగ్’ అన్న మాట వ్యాపార నిర్వహణ రంగంలో బాగా చలామణీలో ఉంది. కంపెనీలు తమ మేనేజర్లను కొండలకు పంపి జట్టుగా మలచడం 1970, 80ల నాటి వేడుక. ఒకప్పుడు అప్రెంటిస్‌ల పేరిట పరిశ్రమ భరించిన ఖర్చు, పరిశ్రమ పరిభాషను తొడుక్కొని పాఠశాల ద్వారా ఇంటి గుమ్మానికి వచ్చింది.

లైమ్ బే

1993 మార్చి 22న ప్లిమత్ పాఠశాలకు చెందిన ఎనిమిది మంది విద్యార్థులు తమ ఉపాధ్యాయుడితో, ఒక ప్రైవేటు సాహస కేంద్రం శిక్షకులు ఇద్దరితో కలిసి ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ బేలో కయాక్ పడవలెక్కారు. గాలి వారిని సముద్రంలోకి నెట్టింది. నలుగురు విద్యార్థులు చనిపోయారు. భద్రత లోపించిందని అంతకుముందే కేంద్రం నుంచి వైదొలగిన శిక్షకులు లిఖితపూర్వకంగా హెచ్చరించిన సంగతి విచారణలో బయటపడింది. 1994లో కేంద్రాన్ని నడిపిన కంపెనీ నరహత్యా నేరం కింద శిక్ష పొందింది, దాని డైరెక్టర్ జైలుకు వెళ్లాడు. ఇంగ్లండులో ఒక కంపెనీకి ఆ నేరం రుజువు కావడం అదే ప్రథమం.

చరిత్రరచన ఈ ఘటనను సాధారణంగా న్యాయశాస్త్ర ప్రసిద్ధి దృష్ట్యా స్మరిస్తుంది. తల్లిదండ్రుల చరిత్రలో దాని స్థానం వేరు. మరణించిన పిల్లల తల్లిదండ్రులు పరిహారంతో సరిపెట్టుకోక చట్టం కోసం పోరాడారు. ప్రభుత్వం స్వచ్ఛంద నియమావళి చాలునన్న వైఖరిలో ఉండగా, ప్లిమత్ ప్రాంత పార్లమెంటు సభ్యుడు డేవిడ్ జేమిసన్ ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టి 1995 చట్టాన్ని సాధించాడు. దాని కింద సాహస కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి అయింది. ‘స్వచ్ఛందం’ అన్న మాటే ఇక్కడ మళ్లీ ఎదురవడం యాదృచ్ఛికం కాదు. విరాళం విషయంలో తల్లిదండ్రులకు, భద్రత విషయంలో వ్యాపారులకు ఆ కాలపు రాజ్యం ఇచ్చినది ఒకే మాట. వ్యాపారుల విషయంలో ఆ మాట చాలదని తేలడానికి నాలుగు ప్రాణాలు పోయాయి. తల్లిదండ్రుల విషయంలో అది చాలునన్న భావన నేటికీ చెక్కుచెదరలేదు.

తెలుగునాట 2014

ఈ విద్యావిధానం భారతదేశానికి తొలుత సంపన్నుల పాఠశాలల ద్వారా వచ్చింది. 1935లో మొదలైన డూన్ పాఠశాల ఉపాధ్యాయులు హిమాలయాలను బోధనలో భాగం చేశారు. ఆ ఉపాధ్యాయులలో ఒకరైన గురుదయాళ్ సింగ్ 1951లో త్రిశూల్ శిఖరాన్ని అధిరోహించాడు. 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడటంతో ప్రభుత్వ ప్రోద్బలమూ కలిసింది. తెలుగు ప్రాంతంలో యజమాని, రాజ్యం, ఇల్లు అనే బ్రిటన్ క్రమం ఆ వరుసలో నడవలేదు. ప్రభుత్వ వ్యయం, ఇంటి వ్యయం ఇక్కడ ఏకకాలంలో పక్కపక్కనే సాగాయి. 2014లో పదిహేను రోజుల వ్యవధిలో రెండూ లోకం దృష్టికి వచ్చాయి.

మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. నేపాల్ వయోనియమం అడ్డురావడంతో వారు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ప్రోత్సాహంతో, శేఖర్ బాబు శిక్షణలో, భువనగిరి కొండ మీద మొదలైన ఎంపిక డార్జిలింగ్ మీదుగా అక్కడికి దారితీసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది పర్వత సహాయకులు మరణించారు. కనుక భయానికి కారణం లేకపోలేదు, అంత చిన్నపిల్లను అంత ఎత్తుకు పంపవచ్చునా అన్న ప్రశ్నా వినవచ్చింది. కాని వ్యవసాయ కూలీలైన ఆ తల్లిదండ్రుల ఎదుట ఖర్చు అనే ప్రశ్న లేదు. వారు అవునన్నా కాదన్నా అది బిడ్డ గురించిన మాటే అయి ఉంటుంది, తాహతు గురించిన మాట కాదు.

జూన్ 8న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన ఆరు రోజులకు, హైదరాబాదు ఇంజనీరింగ్ కళాశాల ఒకదాని విద్యార్థులు యాత్రలో భాగంగా హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నదిలోకి దిగి ఫోటోలు తీసుకుంటుండగా, లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, యాత్ర నిర్వాహకుల పక్షాన వచ్చిన వ్యక్తి ఒకరు కొట్టుకుపోయారు. శవాల కోసం గాలింపు వారాల తరబడి సాగింది. హిమాచల్ హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి 2016 జనవరిలో ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించి, ఆ బాధ్యతను విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం పంచుకోవాలని ఆదేశించింది. ఇది బడియాత్ర కాదు, వెళ్లినవారు యువకులు. అయినా తల్లిదండ్రుల స్థానం దృష్ట్యా లైమ్ బేకు ఇదే సమీప సాదృశ్యం. తామే పంపామన్న బాధ పుత్రశోకానికి తోడైన సందర్భమిది.

భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం 3వ సెక్షన్‌లోని రెండవ ఉపవిభాగం ప్రాథమిక విద్య పూర్తిచేయడానికి ఆటంకం కాగల ఫీజు గానీ, ఛార్జీలు గానీ, ఖర్చులు గానీ ఏ బిడ్డా చెల్లించనవసరం లేదంటున్నది. ఫీజు, ఛార్జీ అన్న మాటలతో ఆగక ‘ఖర్చులు’ అన్న మాటను చేర్చడం బ్రిటన్ చట్టం చేయని పని. విహారయాత్ర సొమ్ము ఆ మాట పరిధిలోకి వస్తుందా అన్నది ‘ఆటంకం’ అన్న పదాన్ని ఎలా అన్వయిస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. యాత్రకు పోని పిల్ల బడి మానదు, పై తరగతికి వెళ్తుంది, పరీక్ష రాస్తుంది. చట్టం చూపు ఆనేంత ఆటంకం అక్కడ కనిపించదు. యాత్ర నుంచి తిరిగివచ్చిన పిల్లలు వారం రోజులపాటు చెప్పుకునే ముచ్చట్లలో ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుందన్నది అంగీకార పత్రం మీద సంతకం పెట్టే తల్లికి తెలుసు.